నది మధ్యలో లైట్‌హౌస్: అసలు ముప్పు నీళ్ల కిందే

(తెర మీద: వెడల్పాటి నది. మధ్యలో ఎర్ర ఇటుకల ఇల్లు, పైన దీపపు గది)

ఇది హడ్సన్-ఏథెన్స్ లైట్‌హౌస్. న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ నది మధ్యలో 1874 నుంచి నిలబడి ఉంది. నీళ్లు ఎక్కితే కనబడకుండా పోయే మేట ఒకటి ఇక్కడ ఉంది. ఓడలు దానికి తగలకుండా ఈ దీపం పెట్టారు. చుట్టూ నీళ్లే కాబట్టి, దీపం చూసుకునే మనిషి కుటుంబంతో సహా ఇందులోనే కాపురం ఉండేవాడు.

(తెర మీద: రాతి పునాది దగ్గరగా)

పునాదిని ఎగువ వైపు చూడండి, మొన తేలి ఉంది. చలికాలంలో నది గడ్డకట్టి, ఆ మంచు పలకలు విరిగి కొట్టుకొస్తాయి. అవి ఈ మొనకి తగిలి చీలిపోయి, రెండు పక్కలనుంచీ వెళ్లిపోవాలి. ఆ కాలపు ఇంజినీర్ల ఆలోచన నిజంగా గొప్పది. నది మీద కట్టేవాళ్లకి అలల కన్నా మంచుతోనే ఎక్కువ టెన్షన్.

మంచుని తట్టుకుంది సరే, మరి ఇప్పుడు ప్రమాదం ఎక్కడుంది?

(తెర మీద: బొమ్మ. నది అడుగు, బురదలో దిగిన దుంగలు)

ఈ రాతి కట్టడం మొత్తం నది అడుగున దిగగొట్టిన సుమారు 200 చెక్క దుంగల మీద నిలబడింది. బురదలో కూరుకుపోయి గాలి తగలనంత కాలం చెక్క అంత తొందరగా పాడవదు. ఇప్పుడు పెద్ద పెద్ద ఓడలు పక్కనుంచే వెళ్తున్నాయి. వాటి ప్రొపెల్లర్లు నీటిని గిలకొడితే దుంగల చుట్టూ ఉన్న మట్టీ రాళ్లూ కొట్టుకుపోతున్నాయి. బయటపడ్డ దుంగలు చివికిపోతున్నాయి. ఏ ఓడల కోసం కట్టారో ఆ ఓడలే దీని కాళ్ల కింద తవ్వుతున్నాయన్నమాట. 2024లో, అమెరికాలో పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దీన్ని, బాగా ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక స్థలాల్లో ఒకటిగా ప్రకటించింది. చుట్టూ స్టీలు గోడ దించి పునాదిని కాపాడాలన్నది ప్రణాళిక.

(తెర మీద: సుపీరియర్ సరస్సు, కొండ అంచున లైట్‌హౌస్)

మిన్నెసోటా రాష్ట్రంలోని స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ కథ వేరు. 1905 నవంబరు తుఫానులో సుపీరియర్ సరస్సు మీద ఓడలు చాలా దెబ్బతిన్నాక, 1910లో దీన్ని కట్టారు. 1969లో పని ఆపేసింది. ఇప్పుడు రాష్ట్ర చరిత్ర సంస్థ నడుపుతోంది, జనం బాగా వస్తారు. గట్టి కొండ మీద ఉండటం, రోడ్డు ఉండటం దాని అదృష్టం.

నీళ్ల మధ్య ఉన్నవాటికి ఆ రెండూ లేవు. 2000లో అమెరికా తెచ్చిన చట్టం ప్రకారం, ప్రభుత్వానికి అక్కర్లేని లైట్‌హౌస్‌లని స్థానిక సంస్థలకి, స్వచ్ఛంద సంఘాలకి ఉచితంగా ఇస్తారు. ఎవరూ ముందుకు రాకపోతే వేలం. దీపం ఇంకా వెలుగుతుంటే దాన్ని కోస్ట్ గార్డ్ చూసుకుంటుంది, భవనం భారం మాత్రం తీసుకున్నవాళ్లదే. రంగులకి, కిటికీలకి చందాలు పోగవుతాయి, ఎందుకంటే అవి ఫొటోలో కనిపిస్తాయి. నీటి అడుగున దుంగలకి డబ్బు పుట్టడమే కష్టం. నా మాట అడిగితే, ముందు ఖర్చు పెట్టాల్సింది అక్కడే.