‘ప్రెడిక్ట్’ పక్కన ఏ మాట ఉంటుంది?

నమస్కారం. మీలో ఎక్కువమంది ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాళ్లు, కొందరు అనువాదాలు చేసేవాళ్లు. అందుకే ఒక్క క్రియ పట్టుకుని మాట్లాడతాను: ప్రెడిక్ట్. ముందే చెప్పడం. దాని పక్కన ఇంగ్లీషువాళ్లు ఏ మాటలు వాడతారన్నదే ఈ పూట విషయం.

మన పిల్లలు వ్యాసాల్లో ‘ఎగ్జాక్ట్ ప్రెడిక్షన్’, ‘పర్ఫెక్ట్ ప్రెడిక్షన్’ అని రాస్తుంటారు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్లు అక్కడ ఎక్కువగా ‘అక్యురేట్’ అంటారు. ‘ఎగ్జాక్ట్’ని తేదీకో, అంకెకో కలుపుతారు. మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని 1957లో రాసిన భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ చెప్పింది ఈ సంగతే. ఆయన కొన్నేళ్లు లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా ఉన్నాడు.

అక్యురేట్ (నిజానికి సరిపోయేది), ప్రిసైజ్ (నిక్కచ్చిగా, చిన్న వివరంతో సహా చెప్పేది) రెండూ ఒకటే కదా అని విద్యార్థులు అడుగుతారు. హాలీ తోకచుక్క కథ చెప్పండి. అది 1758లో తిరిగి వస్తుందని ఎడ్మండ్ హాలీ 1705లో అన్నాడు. నెల, రోజు చెప్పలేదు. 1758 డిసెంబరు 25న జర్మనీలో పాలిచ్ అనే రైతు దాన్ని చూశాడు. హాలీ అప్పటికే చనిపోయాడు. ఈలోగా ప్యారిస్‌లో క్లేరో, లలాండ్, నికోల్ రేన్ లపోట్ అనే ముగ్గురు ఖగోళ గణితజ్ఞులు కలిసి నెలల తరబడి లెక్కలు కట్టి, అది 1759 ఏప్రిల్ మధ్యలో సూర్యుడికి అతి దగ్గరగా వస్తుందన్నారు. వచ్చింది మార్చి 13న. నెల అటూ ఇటూ కావచ్చని ముందే అన్నారు కాబట్టి పరువు దక్కింది. హాలీ మాట అక్యురేట్, కానీ అంత ప్రిసైజ్ కాదు. ప్యారిస్‌వాళ్లది ఎక్కువ ప్రిసైజ్, అయినా నెల తేడా వచ్చింది.

అసలు సరదా క్రియావిశేషణాల దగ్గర ఉంది. ‘కరెక్ట్‌లీ ప్రెడిక్టెడ్’ అని ఎవరైనా రాశారంటే సంగతి అప్పటికే జరిగిపోయింది. రేపటి గురించి ‘ఐ కరెక్ట్‌లీ ప్రెడిక్ట్’ అనేవాళ్లు ఉండరు. ‘కాన్ఫిడెంట్‌లీ ప్రెడిక్టెడ్’ కనిపిస్తే జాగ్రత్త, తర్వాతి వాక్యంలో చాలాసార్లు ఆ మనిషి బోల్తా పడతాడు. ‘ప్రిసైజ్‌లీ’ అయితే ఎక్కువగా ‘కెనాట్’, ‘ఇంపాజిబుల్’, ‘డిఫికల్ట్’ల వెంటే తిరుగుతుంది. ‘విత్ ఎనీ సర్టెన్‌టీ’ కూడా అంతే, కాదనే వాక్యంలోనే ఇముడుతుంది. ‘డైర్ ప్రెడిక్షన్’ అంటే చెడు మాత్రమే, పెళ్లి కబురుకి వాడితే నవ్వుతారు. నిఘంటువులో అర్థం బట్టీపడితే ఇవేవీ పట్టుబడవని నా అభిప్రాయం. పది వాక్యాలు పక్కపక్కన పెట్టి చూపించాల్సిందే.

ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లకు కూడా ఈ జంటలు ఒకే అర్థం ఇస్తాయనుకోకండి. 1951లో అమెరికా గూఢచారి విభాగం ఒక నివేదిక రాసింది. యుగోస్లావియా మీద ఆ ఏడాది దాడి జరగడానికి ‘సీరియస్ పాసిబిలిటీ’ ఉందని అందులో ఉంది. విదేశాంగ శాఖ అధికారి ఒకరు ఆ మాటకు అర్థమేమిటని ఆ గూఢచారి విభాగంలోని షెర్మన్ కెంట్‌ని అడిగారు. నూటికి 65 పాళ్లు అని ఆయన జవాబు. ఆ అధికారి అంతకన్నా చాలా తక్కువ అనుకున్నాడట. కెంట్ కంగారుపడి, దాన్ని కలిసి రాసినవాళ్లనే అడిగి చూశాడు. ఒకరి మనసులో 20 పాళ్లు, ఇంకొకరి మనసులో 80! అందరూ ఒకే వాక్యానికి సరేనన్నవాళ్లే. ఆ తర్వాత మాటకో అంకె కట్టాలని ఆయన పట్టుబట్టాడు. సహోద్యోగుల్లో కొందరికి అది నచ్చలేదు.

మన వాతావరణ శాఖ ఆ పని చేసింది. దాని ఇంగ్లీషు బులెటిన్‌లో ‘ఐసొలేటెడ్’ అంటే 25 శాతం లోపు కేంద్రాల్లో వాన, ‘స్కాటర్డ్’ అంటే 26 నుంచి 50 శాతం, ‘ఫెయిర్లీ వైడ్‌స్ప్రెడ్’ అంటే 51 నుంచి 75, ‘వైడ్‌స్ప్రెడ్’ అంటే ఆపైన. ఇవి వాన ఎన్ని చోట్ల పడుతుందో చెప్పే లెక్కలు, పడే అవకాశం ఎంతో చెప్పేవి కావు. అనువాదకులు దీన్ని గమనించాలి. మొదటి రెండింటినీ కలిపి ‘చెదురుమదురు వర్షాలు’ అని రాసేస్తే ఆ తేడా చెరిగిపోతుంది. ‘ఒకటి రెండు చోట్ల’, ‘కొన్ని చోట్ల’ అని విడిగా రాస్తే లెక్క నిలబడుతుంది. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.