మాటలు ఇంకా కుదరని పాట: ఓకే హోటల్‌లో నిర్వాణ, 1991

అందరికీ నమస్కారం. 1991 ఏప్రిల్ 17వ తేదీ రాత్రి, అమెరికాలోని సియాటిల్ నగరంలో ఓకే హోటల్ అనే చిన్న వేదిక మీద, నిర్వాణ అనే రాక్ బృందం ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ పాటను మొట్టమొదటిసారి జనం ఎదుట వాయించింది. ఆ దృశ్యం 2004లో ‘విత్ ది లైట్స్ అవుట్’ అనే సంపుటిలోని డీవీడీలో వెలువడింది. ఈ రోజు నేను సమీక్షిస్తున్నది ఆ ఒక్క పాటనే.

అప్పటికి ఈ బృందాన్ని ఎరిగినవారు తక్కువ. సియాటిల్‌కే చెందిన సబ్ పాప్ అనే స్వతంత్ర సంస్థ 1989లో వారి తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ను విడుదల చేసింది; దాని రికార్డింగుకు అయిన ఖర్చు సుమారు 600 డాలర్లు. డ్రమ్స్ వాయించే డేవ్ గ్రోల్ బృందంలో చేరి ఏడు నెలలే అయింది. మరో రెండు వారాల్లో కొత్త ఆల్బమ్ రికార్డింగు కోసం లాస్ ఏంజెలెస్ వెళ్లవలసి ఉండగా, ఆ ప్రయాణానికి కావలసిన పెట్రోలు డబ్బుల కోసమే ఈ కచేరీకి ఒప్పుకున్నారని చెబుతారు.

ఇక పాట విషయానికి వద్దాం. గిటారుపై నాలుగు తీగస్వరాల మెట్టు మొదలైన క్షణం నుంచి, నేడు మనకు తెలిసిన పాట రూపమంతా అక్కడ సిద్ధంగానే కనిపిస్తుంది. చరణంలో గిటారు దాదాపు మౌనం వహించగా, క్రిస్ట్ నోవోసెలిక్ బేస్ గిటారు, గ్రోల్ డ్రమ్స్ కలిసి పాటను మోస్తాయి. పల్లవి రాగానే ముగ్గురూ ఒక్కసారిగా విరుచుకుపడతారు. చరణాన్ని నెమ్మదిగా వాయిద్దామన్న ఆలోచన నోవోసెలిక్‌దే, ఆ సలహా లేకపోతే ఈ పాటకు ఇంత ఊపిరి ఉండేది కాదని నా నమ్మకం. కుదరనివి మాటలు మాత్రమే. మొదటి చరణంలో బృందం గాయకుడు కర్ట్ కొబేన్ పాడుతున్నవి ఆల్బమ్‌లో మనం విన్న పదాలు కావు. కొన్ని చోట్ల ఆయన పదానికి బదులు శబ్దంతోనే సరిపెట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది. అయినా ఆ గొంతులో తడబాటు లేదు. బాణీపై అంత నమ్మకం ఉన్నవాడే మాటలు పూర్తి కాకుండా వేదిక ఎక్కగలడు.

మన పద్యనాటకాల్లో ప్రేక్షకుడు వన్స్‌మోర్ అని కేక వేస్తాడంటే, ఆ పద్యం అతనికి ముందే కంఠతా వచ్చి ఉంటుంది; తాను ఎదురుచూసిన రాగం తీగసాగుతుంటే అతనికి ఆనందం. ఓకే హోటల్‌లో ఉన్నవారికి అటువంటి ఆధారమేదీ లేదు. తెలియని పాట, పేరు కూడా వినని పాట, అయినా పల్లవి రాగానే వేదిక ముందున్న జనం ఎగిసిపడ్డారు. పెద్ద మైదానంలో వేలమంది గొంతు కలిపి పాడే దృశ్యాలు నేను ఎన్నో చూశాను. ఈ కొద్దిపాటి జనం కదలికే నన్ను ఎక్కువగా కదిలించింది.

లోపాలు లేకపోలేదు. వెలుతురు చాలదు, కెమెరా నిలకడగా ఉండదు, గొంతు కన్నా డ్రమ్స్ ముందుకు వస్తాయి. చిన్న గదిలో నిలబడి వింటే నిజంగానే అలాగే వినిపిస్తుంది కనుక, ఈ శబ్దాన్ని శుభ్రం చేయకుండా వదిలినందుకు నేను సంతోషించాను.

లాస్ ఏంజెలెస్ వెళ్లి వారు రికార్డు చేసిన ఆ కొత్త ఆల్బమే ‘నెవర్‌మైండ్’. 1991 సెప్టెంబరు 24న విడుదలై, 1992 జనవరిలో అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఓకే హోటల్ మాత్రం 2001 ఫిబ్రవరిలో వచ్చిన భూకంపంలో దెబ్బతిని, సంగీత వేదికగా మూతపడింది. సియాటిల్ పరిసరాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ నగరంలోని పయనీర్ స్క్వేర్ ప్రాంతం వైపు వెళ్లినప్పుడు ఆ పాత భవనం ముందు ఒకసారి ఆగండి.

చూడదలచినవారికి ఒక్క సూచన. ముందుగా ఆల్బమ్‌లోని పాటను పూర్తిగా వినండి, వెంటనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ దృశ్యాన్ని చూడండి, మొదటి చరణం దగ్గర మాత్రం చెవి అప్పగించండి.