డబ్బా మీద ఏం రాయాలి? గోదావరి జిల్లాల చిన్న వ్యాపారుల కోసం

[దృశ్యం: తెల్లవారుజాము. ఎర్రటి వరద గోదావరి. వల లాగుతున్న నావ. మాట మొదలయ్యేవరకు నీటి చప్పుడు మాత్రమే.]

"పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అంటారు మన వైపు. ఈ మాటని ఏ కంపెనీ డబ్బులిచ్చి రాయించలేదు, ఏ హోర్డింగు మీదా వేయించలేదు. అయినా ఎర్రనీళ్ళు వచ్చాయంటే చాలు, హైదరాబాద్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. "పులస పడిందా అండీ?"

చేప ఒకటే. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. జూలైలో వరదనీళ్ళు సముద్రంలో కలిసే వేళకి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది. ఆ ఎర్రనీళ్ళలో ఈదాకే దానికి పులస అని పేరు. సెప్టెంబరు దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. అంటే ఆ చేపకి పేరు తెచ్చింది దాని ప్రయాణం. కిలో వేలల్లో పలికేదీ ఆ ప్రయాణం వల్లే. ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లాడికీ ఆ సంగతి తెలుసు కాబట్టి, ఎవరూ ప్రత్యేకంగా ప్రచారం చెయ్యనక్కర్లేకపోయింది.

[దృశ్యం: వ్యాఖ్యాత టేబుల్ దగ్గర. చుట్టూ ఖాళీ స్వీటు డబ్బాలు, పచ్చడి సీసాల లేబుళ్ళు, నూనె డబ్బాల స్టిక్కర్లు.]

నమస్కారమండి. నేను రావులపాలెంలో లేబుళ్ళు, డబ్బాల డిజైన్లు చేస్తాను. స్వీటు షాపుల వాళ్ళు, పచ్చళ్ళ వాళ్ళు, కొబ్బరినూనె గానుగల వాళ్ళు, కడియం నర్సరీల వాళ్ళు వస్తుంటారు. ఈ మధ్య వచ్చిన ప్రతివారూ ఒకటే అడుగుతున్నారు. "బ్రాండ్‌కి ఒక స్టోరీ ఉండాలంటున్నారు కదండీ, మాకూ ఒకటి రాసి పెట్టండి."

రాసి పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు, అది నా పనే. కానీ కథ నా టేబుల్ దగ్గర పుట్టదు. మీరు పని చేసే చోట పుడుతుంది. దాన్ని కాపాడాల్సింది మీరు. ఈ రెండు విషయాలూ నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ముందు ఆ పులస సంగతే పూర్తి చేస్తాను. ఒడిశా వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే చేపని పులస అని చెప్పి అమ్మేవాళ్ళు ఉన్నారు. కొన్నవాడు ఇంటికి తీసుకెళ్ళి, బెండకాయలు వేసి పులుసు పెట్టించుకుని, తిని, "ఓస్, పులసంటే ఇంతేనా" అనుకుంటాడు. వాడు మోసం చేసినవాణ్ణి ఒక్కణ్ణే వదిలేసి ఊరుకోడు. రాత్రంతా ఏట్లో వల వేసుకుని కూర్చున్నవాడి చేపని కూడా వచ్చే ఏడాది నమ్మడు. పది తరాలు మోసుకొచ్చిన పేరుని ఒక్క ఐసు పెట్టె అలా పాడు చేస్తుంది.

యానాం దగ్గర చేపలమ్మే ఒక పిన్ని ఉంది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను బుట్టలో చేప చూపించి, "పులసేనా?" అని అడిగాను. తలెత్తకుండానే చెప్పింది. "కాదు బాబూ, ఇది సముద్రం చేపే. పులస కావాలంటే రేపు తెల్లారగట్ల రా. పడితే ఉంటాది, పడకపోతే లేదు." ఔనని ఉంటే ఆ రోజు నేను కొనేసేవాణ్ణి, నాకు తేడా తెలిసేదే కాదు. ఆవిడ బేరం వదులుకుంది. అప్పటినుంచి ప్రతి వరదకీ నేను ఆవిడ దగ్గరికే వెళ్తున్నాను, నాతో ఇంకో నలుగురు వస్తున్నారు. లీడర్‌షిప్ గురించి ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ తలెత్తని జవాబే.

[దృశ్యం: ఆత్రేయపురం. పెంకుటిల్లు వసారా. బోర్లించిన కుండ, కింద మంట. కెమెరా కదలకుండా చేతుల మీదే ఉండాలి. ఒక నిమిషం మాటలు వద్దు.]

ఇప్పుడు ఈ చేతులు చూడండి. ఆవిడ పూతరేకులకి రేకులు తీస్తోంది.

బోర్లించిన కుండ అడుగు అద్దంలా నున్నగా ఉంది. లోపల ఎండు కొబ్బరాకుల మంట. పక్కన గిన్నెలో జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి, పాలంత పల్చగా. చెయ్యి తిప్పకపోతే పిండి అడుక్కి దిగిపోతుంది, అందుకే ప్రతిసారీ ఒకసారి కలుపుతుంది. పల్చటి గుడ్డని అందులో ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీద పరిచినట్టు లాగింది. సుయ్ మని ఆవిరి. గుడ్డ దాటిన చోటల్లా తెల్లటి పొర మిగిలింది. రెండు క్షణాల్లో ఆరిపోయింది. అంచు గోటితో లేపి, మొత్తం ఒకేసారి తీసి పక్కన పెట్టింది. వెలుగుకి పట్టుకుంటే అవతలి మనిషి కనపడుతున్నాడు.

మంట ఎక్కువైతే రేకు పగిలిపోతుంది. తక్కువైతే అతుక్కుపోతుంది. ఆ మంటని కొలిచే మీటరేమీ లేదు. ఆవిడ ఒక ఆకు లోపలికి తోస్తుంది, ఒక ఆకు బయటికి లాగుతుంది, అంతే. ఆ లెక్క ఆవిడ చేతిలో ఉంది.

ఇంత పని కళ్ళ ముందు ఉండగా, ఆ రేకులు చుట్టిన డబ్బా మీద మనం ఏం రాస్తున్నాం? "స్వచ్ఛమైన నెయ్యితో, ప్రేమతో తయారుచేసిన సంప్రదాయ రుచి." నా టేబుల్ మీద ఇప్పుడున్న డబ్బాల్లో ఏడింటి మీద ఇంచుమించు ఇదే వాక్యం ఉంది. అందులో మూడు నేను రాసినవే.

మీ డబ్బా మీద మీ షాపు పేరు బొటనవేలితో మూసి, మిగతాది చదవండి. ఆ మాటలు పక్క షాపు వాడి డబ్బా మీద పెట్టినా సరిపోతున్నాయా? సరిపోతే అక్కడ మీ కథ లేనట్టే.

[దృశ్యం: తిరిగి టేబుల్ దగ్గర. వ్యాఖ్యాత చేతిలో పాత డబ్బా. పేరు కనపడకుండా స్టిక్కరు వెయ్యాలి.]

ఈ డబ్బా గురించి చెప్పాలి. దీని మీద "నాలుగు తరాల రుచి" అని ఉంది. రాసింది నేను. అప్పటికి ఆ షాపు పెట్టి తొమ్మిదేళ్ళు. యజమాని అలా ఉంటే బావుంటుందన్నారు, నేనూ బావుందనుకున్నాను.

ఒక దీపావళికి, అమెరికాలో ఉన్న పిల్లలకి పార్సిల్ కట్టించుకోవడానికి ఒక పెద్దాయన వచ్చారు. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "మీ తాతగారి షాపు ఎక్కడుండేదండీ? నేను ఇక్కడే చదువుకున్నాను, ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నారు. కౌంటర్లో కుర్రాడు జవాబు చెప్పలేక లోపలికి చూశాడు. ఆయనకి అర్థమైపోయింది. డబ్బులిచ్చి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రం యజమానిని నేను మొదటిసారి సరిగ్గా అడిగాను, ఈ షాపు ఎలా మొదలైందని. చాలాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పారు. వాళ్ళమ్మగారు ఇరవై ఏళ్ళు వేరే షాపులకి రేకులు తీసిచ్చారట, వంద రేకులకి ఇంత అని కూలికి. ఆవిడ తీసిన రేకులతోనే కొడుకు సొంత షాపు తెరిచాడు. "కూలికి చేసిందని డబ్బా మీద ఎలా రాస్తామండీ" అన్నారు ఆయన, గొంతు తగ్గించి.

నాకు ఆ గొంతు తగ్గించడం చాలా బాధనిపించింది. లేని తాతగారిని తెచ్చి డబ్బా మీద కూర్చోబెట్టాం. లోపల కుండ దగ్గర నిజంగా కూర్చున్న తల్లిని దాచిపెట్టాం. మనం సిగ్గుపడి దాచేదే చాలాసార్లు అసలు కథ అవుతుంది. డబ్బులు ఖర్చుపెట్టి రాయించుకున్నదాని కన్నా అదే బరువైనది.

కొత్త డబ్బా మీద ఇలా రాశాం. "మా అమ్మ ఇరవై ఏళ్ళు ఇతరుల షాపులకి రేకులు తీసింది. ఇప్పుడు మన షాపుకి తీస్తోంది. రేకు గాలికి మెత్తబడుతుంది, డబ్బా తీశాక వెంటనే మూత పెట్టండి." మూడు వాక్యాలు. మూడోది కథ కాదనుకుంటారు చాలామంది. కానీ రేకు సంగతి తెలిసినవాళ్ళు తప్ప ఆ మాట రాయలేరు. కొన్నవాళ్ళకి నమ్మకం కుదిరేది అక్కడే.

[దృశ్యం: షాపు కౌంటరు మీద చేత్తో రాసిన అట్ట: "ఎండాకాలంలో మధ్యాహ్నం పూట కుండ వెలిగించం. ఆర్డర్లు ముందురోజు చెప్పండి."]

డబ్బా మార్చడం తేలిక. తర్వాతే అసలు పరీక్ష. పెళ్ళిళ్ళ సీజన్లో ఆయనకి పెద్ద ఆర్డరు వచ్చింది. అంత తక్కువ టైములో అన్ని రేకులు ఇంట్లో అవ్వవు. బయట దొరికిన రేకులు కొని చుట్టేసి ఇవ్వచ్చు, అందరూ చేసేదే. కానీ డబ్బా మీద "అమ్మ" అని ఉందే! సగం ఆర్డరే ఒప్పుకుని, మిగతా సగానికి ఇంకో షాపు పేరు ఆయనే చెప్పి పంపారు. మీరు చూస్తున్న ఈ అట్ట కూడా అప్పుడు పెట్టిందే. మే నెల మధ్యాహ్నం మంట ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో ఆయన చిన్నప్పుడు తల్లి పక్కన చూశారు కాబట్టి, ఇప్పుడు పనిచేసే ఆడవాళ్ళని ఆ వేళ కూర్చోమనట్లేదు. దీనివల్ల కొంత వ్యాపారం తగ్గింది. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు.

యజమాని నడుచుకునే తీరు డబ్బా మీద మాటకి తోడుగా ఉండాలని నేననేది ఇందుకే. మన నేలలో దీనికి చాలా పెద్ద ఉదాహరణ ఉంది.

[దృశ్యం: లంకల గన్నవరం. వైనతేయ పాయ. దూరంగా అక్విడక్టు, అంటే ఏటి మీదుగా కాలవ పారే వంతెన.]

డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూశారు. ఈ లంకల్లో పడవల మీద ఏరు దాటి వచ్చేవాళ్ళకి, ఏ వేళప్పుడొచ్చినా, ఏ కులం వాళ్ళయినా, అన్నం పెట్టిన ఇల్లు ఆవిడది. ఒకసారి అంతర్వేది దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో ఎదురైన పెళ్ళివారి పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, పెద్దవాళ్ళు "ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తుంది" అని సముదాయిస్తున్నారట. ఆ మాట చెవినపడగానే పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకన్నా ముందు ఇంటికి చేరి వంట మొదలుపెట్టించారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ కథ విన్నప్పుడల్లా నేను ఆగిపోయేది ఒక్క చోట. దారిలో పోయేవాళ్ళు పిల్లలకి ఆవిడ పేరు చెప్పి ఓదారుస్తున్నారు. అన్నం ఉంటుందా ఉండదా అన్న అనుమానమే లేదు వాళ్ళకి. ఆవిడకి తెలుసు, ఆ రోజు తలుపు వేసి ఉంటే ఆ మాట అబద్ధమవుతుందని. అందుకే దేవుడి దర్శనం కూడా మానుకున్నారు. ఇవాళ ఆ ఏటి మీద అక్విడక్టుకి ఆవిడ పేరుంది, రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే ఉంది.

[దృశ్యం: పూతరేకుల డబ్బా మీద జీఐ గుర్తు.]

చాలామంది అడిగే ఇంకో సంగతి, జీఐ ట్యాగ్, అంటే ఫలానా సరుకు ఫలానా ప్రాంతానిదని చెప్పే భౌగోళిక గుర్తింపు. క్లుప్తంగా చెప్తాను. 1999లో చట్టం వచ్చింది, 2003 నుంచి అమల్లో ఉంది, రిజిస్ట్రీ ఆఫీసు చెన్నైలో. ఉప్పాడ జామ్దానీ చీరలకి 2009లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో, నరసాపురం లేసుకి 2024లో వచ్చింది. నమోదు పదేళ్ళు ఉంటుంది, మళ్ళీ పొడిగించుకోవాలి. ఇది ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఆ ప్రాంతంలో ఆ పని చేసే అందరిదీ. కాకపోతే ఆ గుర్తు వాడుకోవాలంటే మీరు విడిగా అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవాలి. ట్యాగ్ వచ్చింది కదా అని ఊరికే అచ్చువేసుకుంటే కుదరదు.

ఇందులో నాకెంతో ఇష్టమైన విషయం ఒకటుంది. పూతరేకులకి దరఖాస్తు పెట్టుకున్న తయారీదారుల సంఘం పేరులో సర్ ఆర్థర్ కాటన్ పేరు ఉంది. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆ కాలవ నీళ్ళు, ఆ వరి, ఆ బియ్యం, ఆ రేకు. మిఠాయి చేసుకునేవాళ్ళు నీళ్ళిచ్చిన ఇంజనీరుని మర్చిపోలేదు.

కానీ జీఐ ఊరి పేరుని కాపాడుతుంది. ఊళ్ళో మీ షాపు పేరుని కాపాడదు, అది మీరే చూసుకోవాలి. పని చేసిన మనిషి పేరు కూడా అది చెప్పదు. నరసాపురం వైపు ఇంటిపని ముగించుకుని గుమ్మంలో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళు ఎంతమందో. ఆ లేసు దేశదేశాలు తిరిగింది, వాళ్ళ పేర్లు మాత్రం వీధి కూడా దాటలేదు. ఏ వ్యాపారి అయినా ముందు ఇది సరిచేస్తే బావుంటుందని నా కోరిక.

[దృశ్యం: ఫోన్ చేతిలో పట్టుకుని వసారాలోకి వెళ్తున్న యువకుడు.]

ఇక మీరు చెయ్యాల్సింది. డిజైనర్ దగ్గరికి వచ్చేముందు ఒక పొద్దున్న మీ పనిచోట కూర్చోండి. గానుగ దగ్గరో, పచ్చడి జాడీల దగ్గరో, మొక్కలకి అంట్లు కట్టే షెడ్డులోనో. మీరు యజమానిలా కాకుండా చూడ్డానికి వచ్చిన చుట్టంలా కూర్చోండి. మీ దగ్గర ఎక్కువకాలంగా చేస్తున్నవాళ్ళని అడగండి. ఈ పని ఎవరు నేర్పారు? ఏ రోజు సరుకు పాడైంది, అప్పుడు ఏం చేశాం? మనం ఏ పని చెయ్యకూడదని మీకు అనిపిస్తుంది? ఆ మూడో ప్రశ్నకి వచ్చే జవాబు మీకు నచ్చకపోవచ్చు. అయినా రాసుకోండి, వాళ్ళన్న మాటల్లోనే. వాళ్ళు "మంట మాట వింటాది" అంటే అలాగే రాయండి, "ఉష్ణోగ్రత నియంత్రణ" అని మార్చకండి.

తర్వాత ఫోన్ తీసి, రెండు నిమిషాల వీడియో తీసుకోండి. పాట పెట్టకండి. గుడ్డ లాగిన చప్పుడు, గానుగ కిర్రుమన్న చప్పుడు అలాగే ఉంచండి.

తీసేముందు మాత్రం ఆవిణ్ణి అడగండి. "అమ్మా, మీ మొహం కనపడచ్చా? మీ పేరు వెయ్యచ్చా?" అని. వద్దంటే చేతులే తీయండి. సరేనంటే పేరు ఎలా రాయాలో ఆవిణ్ణే చెప్పమని, డబ్బా అచ్చుకి పంపేముందు ఒకసారి ఆవిడకి చదివి వినిపించండి.

[దృశ్యం: మళ్ళీ కుండ. గుడ్డ లాగిన చప్పుడు. రేకు లేచింది. తెర నల్లబడుతుంది.]