మాగిన గెల, దబ్బతొక్క

శ్రోతలకు నమస్కారం.

కోనసీమలో అరటిగెల తీరు అందరికీ తెలిసిందే. వారం రోజులు పచ్చిగా బిగదీసుకుని కూర్చుని, మనం ఊరికి బయలుదేరే రోజు చూసి హస్తాలన్నీ ఒక్కసారే పండుతాయి. రావులపాలెంలో కొన్నా, పెరట్లో కోసినా అంతే. పక్కింటికి పంపుదామంటే వాళ్ళ వసారాలోనూ ఒక గెల వేలాడుతూ ఉంటుంది. మూడో రోజుకు తొక్క నల్లబడి, చివరికి దూడ ముందుకు చేరుతుంది. ఆ దూడ వాటాలోంచి నాలుగు పండ్లు తీసుకుని ఈ రోజు రొట్టె కాలుద్దాం. చక్కెరకేళి అయినా, అమృతపాణి అయినా సరే. చూపుకు ఎంత అధ్వానంగా ఉంటే రొట్టె అంత తియ్యగా వస్తుంది.

దీనికి ఈస్టు అక్కర్లేదు, పిండి పులియబెట్టే పనీ లేదు. పొంగంతా వంటసోడాది. సోడాకు పులుపు తగలగానే బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పుట్టి పిండిని లేపుతుంది. పులుపు చాలకపోతే రొట్టెకు సబ్బు రుచి వస్తుంది. అందుకే నిమ్మరసం.

అయితే నా ఓటు నిమ్మకన్నా దబ్బకాయకే. రసాన్ని పులిహోరలో పిండుకుని తొక్కను పారేస్తాం కదా, సువాసన నూనె ఉన్నదంతా ఆ తొక్కలోనే. కాయను కోయకముందే, పైపొరను మాత్రం సన్నగా తురమండి. తెల్లపొర తగిలిందా, చేదే. ఆ తురుమును 100 గ్రాముల బెల్లం పొడిలో వేసి వేళ్ళతో నలపండి. కాసేపటికి బెల్లం తడిసి ముద్దకడుతుంది, వాసన వీధి అరుగు దాకా వెళ్తుంది. మా ఇంట్లో అయితే ఎవరో ఒకరు “పులిహోర కలుపుతున్నారా?” అని లోపలికి తొంగిచూసేది అప్పుడే.

అందులో పండ్లను చిదిమి, రెండు కోడిగుడ్లు, 80 మిల్లీలీటర్ల నూనె, పెద్ద చెంచాడు దబ్బరసమో నిమ్మరసమో వేసి కలపండి. 200 గ్రాముల మైదాలో ముప్పావు చిన్న చెంచా సోడా, చిటికెడు ఉప్పు వేసి జల్లించి, చివర్లో చేర్చండి. ఇక్కడే జాగ్రత్త. మొదటిసారి నేను గారెల పిండి రుబ్బినంత శ్రద్ధగా పది నిమిషాలు గిలకొట్టాను. రొట్టె రబ్బరు ముక్కలా సాగింది. మైదాలో జిగురు ఉంది. కలిపినకొద్దీ అది బిగుస్తుంది. పొడిపిండి కనబడకుండా పోగానే గరిటె వదిలేయండి, ఉండలున్నా పరవాలేదు. కలిపాక ఫోను మోగినా ఎత్తకండి, బుడగలు మనకోసం ఆగవు.

ఓవెన్ ఉంటే 180 డిగ్రీల వేడిలో 50 నిమిషాలు పడుతుంది. లేదంటే దళసరి పాత గిన్నెలో రెండంగుళాల మందాన ఉప్పు పోసి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయండి. దానిలో చిన్న ఇనుప పీట పెట్టి, దాని మీద నూనె రాసిన పిండిగిన్నె ఉంచి, సన్నసెగన కాల్చండి. నీళ్ళు పోయకూడదు. మా అమ్మమ్మ మినపరొట్టెకు మూత మీద కూడా నిప్పులు పోసేది. మన గ్యాసు పొయ్యికి ఆ వీలు లేదు కాబట్టి రొట్టె పైభాగం కాస్త పాలిపోయే ఉంటుంది. ముప్పావు గంట దాకా మూత తీయకండి. తర్వాత కొబ్బరి ఈనె గుచ్చి చూడండి. తడి పిండి అంటకుండా వస్తే దించేయవచ్చు. అంటితే ఇంకో పది నిమిషాలు.

వేడి మీద కోస్తే పొడిపొడిగా విరుగుతుంది. చల్లారనివ్వండి. దబ్బ వాసన మర్నాటికి ఇంకా బాగా పడుతుంది, అప్పటిదాకా మిగిలితే. మా ఇంట్లో అడుగుముక్క కోసం గొడవ. బెల్లం మాడీ మాడనట్టు అంటుకుని ఉంటుంది కదా, దాన్ని నేను ముందే తీసి దాచుకుంటాను.

నమస్కారం.