భోపాల్‌కి అటు భీంబేట్కా, ఇటు సాంచీ: అక్కడ ఏం చూడాలి?

(తెరపై: రాతి పైకప్పు కింద ఎర్రటి బొమ్మలు)

భోపాల్‌కి దక్షిణాన సుమారు 45 కిలోమీటర్లలో ఆదిమానవుల రాతి బొమ్మలున్న భీంబేట్కా. ఈశాన్యాన దాదాపు అంతే దూరంలో బౌద్ధ స్తూపం ఉన్న సాంచీ. చాలామంది రెండూ ఒక్క రోజులో చుట్టేస్తారు. నన్నడిగితే వద్దంటాను. భీంబేట్కాకే ఒక పూట కావాలి.

1957లో పురావస్తు పరిశోధకుడు వాకణ్‌కర్ రైల్లో పోతూ కిటికీలోంచి ఈ రాళ్లను చూశారు. అనుమానం వచ్చి కొండెక్కితే గోడల నిండా బొమ్మలే! ఇలాంటి రాతి చాటులు ఇక్కడ 700కు పైనే ఉన్నాయి. మనల్ని వెళ్లనిచ్చేవి మాత్రం కొన్నే.

(తెరపై: జంతువుల బొమ్మలతో నిండిన బండ, నెమ్మదిగా దగ్గరకు)

గైడ్లు 'జూ రాక్' అనే ఈ బండ దగ్గర ఆగండి. జింకలు, దున్నలు, ఏనుగులు ఒకదాని మీద ఒకటి. గజిబిజిగా ఉందని ముందుకెళ్లిపోకండి, అసలు కథ అక్కడే ఉంది. ఏ గీత పైన ఏ గీత పడిందో చూడండి. వేటగాళ్ల బొమ్మలు వేల ఏళ్ల నాటివి. గుర్రాల మీద కత్తులు పట్టిన సైనికులు చాలా తర్వాత వచ్చినవాళ్లు. కొత్తవాళ్లు పాత బొమ్మను చెరపలేదు, దాని మీదే వేసుకుంటూ పోయారు.

మరి రంగు ఇన్నాళ్లు ఎలా నిలిచింది? ఎరుపు జేగురు రాయి నుంచి వచ్చింది. అందులోది ఇనుప ఖనిజం, ఆకుల రంగులా వెలిసిపోదు. పైన చూరులా ముందుకొచ్చిన బండ వానను ఆపింది. మన చేతి చెమట, జిడ్డు నుంచి కాపాడే చూరు మాత్రం లేదు. కాబట్టి ముట్టుకోవద్దు.

(తెరపై: సాంచీ దక్షిణ తోరణం)

సాంచీలోనూ ఇదే పద్ధతిలో చూడండి. అశోకుడి నాటి ఇటుక స్తూపం లోపల ఉంది, రాతి తొడుగు తర్వాతిది. తోరణాలు, అంటే చుట్టూ ఉన్న చెక్కిన రాతి ద్వారాలు, ఇంకా తర్వాతివి. దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు శిల్పులకు పెద్ద అయిన ఆనందుడి దానశాసనం ఉంది. అవును, మన శాతవాహనుల శాతకర్ణే! అదే తోరణం మీద పక్కనున్న విదిశ ఊరి దంతపు పనివాళ్లు కూడా తమ చెక్కడం గురించి రాయించుకున్నారు. ఆ పనితనం చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

తోరణాల మీద బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. చెట్టు, పాదముద్రలు, ఖాళీ ఆసనం, అంతే. తోరణం దాటి లోపలికి వెళ్తే మాత్రం స్తూపం గోడకు ఆనుకుని, ద్వారాలకు ఎదురుగా కూర్చున్న బుద్ధ విగ్రహాలు ఉంటాయి. అవి గుప్తుల కాలంలో చేర్చినవి.

ఎండాకాలం రాళ్లు కాలిపోతాయి, నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. సాంచీకి శుక్రవారం వద్దు. అశోక స్తంభం మీది నాలుగు సింహాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి, ఆ రోజు దానికి సెలవు.