గోదావరి రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి: పై అంతస్తు మీద ప్రయాణం ఎలా ఉంటుంది?

నమస్కారమండీ. మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు చాలామందికి గోదావరి అంటే రైలు కిటికీయే. విజయవాడలో పెళ్లికైనా, హైదరాబాద్‌లో ఆసుపత్రికైనా రైలెక్కేస్తాం. రాజమండ్రి రాగానే పిల్లల్ని లేపి, చేతిలో రూపాయి బిళ్ల పెట్టి, గోదారమ్మకు దండం పెట్టుకోమంటాం. ఈసారి అమ్మను తీసుకుని కారులో వెళ్లాను. పాత రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి మీదుగా నది దాటాం.

బరంపురం నుంచి హైవే మీద ఇచ్ఛాపురం, విశాఖ, తుని దాటి వస్తాం. ఏలూరు వైపు వెళ్తుంటే మ్యాప్ మిమ్మల్ని దివాన్‌చెరువు దగ్గర తిప్పేసి, 2015లో వచ్చిన నాలుగో వంతెన ఎక్కిస్తుంది. తొందరుంటే అలాగే వెళ్లండి. కాస్త తీరిక ఉంటే మాత్రం రాజమండ్రి ఊళ్లోకి రండి.

1974లో రాకపోకలు మొదలైన వంతెన ఇది. కింద రైలు పట్టాలు, పైన రెండు వరుసల రోడ్డు. రైలు భాగం పొడవు సుమారు 2.8 కిలోమీటర్లయితే, రోడ్డు 4.1 కిలోమీటర్లు. రోడ్డు రైలు నెత్తి మీదకు ఎక్కాలి కదా, అందుకే గట్టుకి చాలా ముందు నుంచే ఎత్తు మొదలవుతుంది. రాజమండ్రి వైపు ఇళ్లు ఉండటంతో వంతెన వంపు తిరుగుతుంది. అక్కడ స్పీడు తగ్గించండి.

నదిలో పెద్ద స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు) 27, ఒక్కోటి 91.5 మీటర్లు. కారు అద్దాలు దించుకుని వెళ్లండి. జాయింట్ వచ్చినప్పుడల్లా టైరు దబ్‌మంటుంది. మేము నడిమధ్యలో ఉండగా స్టీరింగ్ సన్నగా అదిరింది. ఇంజిన్లో ఏదో అయిందని నాకు టెన్షన్. ఇంతలో వెనక సీట్లోంచి అమ్మ, "ఒరేయ్, కింద రైలెళ్తోందిరా!" అంది. బండి కనిపించదు. ఇనుము మోత మాత్రం కాళ్ల కింద నుంచి మొదలై, వెనక్కి వెళ్లిపోయింది. ఇన్నేళ్లూ మనం కిందనుంచి వెళ్తుంటే పైన ఉన్నవాళ్లకు ఇలా వినిపించిందన్నమాట! నాకు భలే సంతోషమేసింది.

పక్కకు చూస్తే 1997లో వచ్చిన ఆర్చి బ్రిడ్జి కమానులు. మన రైళ్లు కొన్ని దాని మీద, కొన్ని దీని కింద వెళ్తాయి. 1900లో మొదలైన పాత రైలు వంతెన హేవ్‌లాక్ బ్రిడ్జి దాదాపు వందేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటోంది.

ఇబ్బందులూ చెప్పాలి. రోడ్డు ఇరుకు, జాయింట్ల దగ్గర కుదుపు. నడుంనొప్పి ఉన్న పెద్దవాళ్లుంటే మరీ నెమ్మదిగా పోనివ్వండి. 2023లో మరమ్మతుల కోసం కొన్నాళ్లు మూసేశారు కూడా, కాబట్టి బయల్దేరే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. నా మార్కులు పదికి ఎనిమిది.

ఫొటోల కోసం వంతెన మీద బండి ఆపొద్దండీ, వెనకొచ్చేవాళ్లకు ప్రమాదం. అవతల కొవ్వూరులో గోష్పాద క్షేత్రం రేవుకి వెళ్లండి, నది దగ్గర తీరిగ్గా కూర్చోవచ్చు.