తూర్పుకు పోయే రైలు, మాస్కో గడియారం

శ్రోతలకు నమస్కారం.

వీపున ఒక సంచి తగిలించుకొని, తోడు ఎవరూ లేకుండా, నెలల తరబడి దేశాలు తిరిగి వచ్చినవారిని కలిసినవారందరూ అడిగే ప్రశ్నలు రెండే. ఎంత ఖర్చయింది, భయం వేయలేదా అని అడుగుతారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. అయినా ఈ కొద్ది వ్యవధిలో నన్ను ఎవరూ అడగని సంగతి ఒకటి మీకు చెప్పాలని ఉంది. అది కాలానికి సంబంధించిన సంగతి. భూమిని చుట్టి వచ్చే మనిషికి భాషలు మారతాయి, తిండి మారుతుంది, డబ్బు మారుతుంది. వాటన్నిటికీ మనసు త్వరగానే అలవాటు పడుతుంది. వేళ మారినప్పుడు మాత్రం శరీరం అంత తొందరగా ఒప్పుకోదు. ఒంటరి ప్రయాణికుడికి ఇదే అన్నిటికంటె పెద్ద పరీక్ష అని నా అభిప్రాయం.

మన దేశంలో ఎంత దూరం తిరిగినా ఈ అనుభవం కలగదు. కాకినాడకు చేరువగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి దేశమంతటికీ ఒకే సమయం పెట్టుకున్నాం కనుక, ద్వారకలోనూ డిబ్రూగఢ్‌లోనూ గడియారం ఒకే మాట చెబుతుంది. మా నాన్నగారు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేశారు. మా ఇంట్లో వేళ అంటే రైలు వేళే. ఏ బండి వచ్చిందో చెవితో విని అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. అటువంటి ఇంట్లో పెరిగినందువల్ల కాబోలు, ఒకే రైలు ఒకే దేశంలో ఏడు గంటల తేడాను దాటుకుంటూ పోతుందని చిన్నప్పుడు తెలిసిన నాటినుంచి, ఎప్పటికైనా ఆ రైలు ఎక్కాలన్న కోరిక నాలో ఉండిపోయింది.

ట్రాన్స్ సైబీరియన్ మార్గం మీద నడిచే ఆ రైలు రష్యా రాజధాని మాస్కోలోని యారొస్లావ్‌స్కీ స్టేషన్‌లో బయలుదేరి, 9,288 కిలోమీటర్లు పోయి, పసిఫిక్ తీరాన ఉన్న వ్లాదివొస్తోక్‌లో ఆగుతుంది. 1891లో మొదలైన ఆ మార్గం, ఖబారొవ్‌స్క్ దగ్గర ఆమూర్ నది మీద వంతెన పూర్తయిన 1916 నాటికి గాని రష్యా నేల మీదుగా చివరిదాకా కలవలేదు. ప్రయాణం దాదాపు వారం రోజులు. నేను 2017 వేసవిలో, తలుపులు లేని మూడో తరగతి పెట్టెలో వెళ్ళాను. ఆ పెట్టెలో 54 పడకలు ఉంటాయి. ఒక చివర ఎప్పుడూ మరుగుతూ ఉండే నీళ్ళ బాయిలరు ఉంటుంది. పెట్టెను చూసుకునే ఉద్యోగిని అడిగితే లోహపు పిడిలో అమర్చిన గాజు గ్లాసు ఇస్తుంది. ఆ గ్లాసులో టీ కలుపుకొని కిటికీ దగ్గర కూర్చుంటే, గంటల తరబడి భూర్జ వృక్షాల తెల్లని మొదళ్ళు తప్ప మరొకటి కనిపించదు.

ఇక గడియారం విషయానికి వస్తాను. 2018 ఆగస్టులో పద్ధతి మార్చేవరకు, రష్యా రైళ్ళన్నీ మాస్కో సమయం ప్రకారమే నడిచేవి. టికెట్టు మీద మాస్కో సమయం, పెట్టెలో అతికించిన పట్టికలో మాస్కో సమయం, వేల కిలోమీటర్ల దూరంలోని స్టేషన్ గడియారంలో కూడా మాస్కో సమయమే. బయట ఊరికి ఒక వేళ, లోపల రైలుకు మరొక వేళ. మాస్కోలో ఎక్కినవారు ఇంకా నిద్రపోతూ ఉంటారు, సైబీరియాలోని క్రాస్‌నొయార్‌స్క్‌లో ఎక్కినవారు అప్పటికే లేచి రొట్టె కోసుకుంటూ ఉంటారు. ఒకే పెట్టెలో, ఒకే బాయిలరు ముందు, వేరువేరు ఉదయాలు వరుసలో నిలబడతాయి.

నా కింది పడక మీద చితా పట్టణానికి పోతున్న ఒక ముసలమ్మ ఉండేది. ఆమెను అందరూ బాబుష్కా, అంటే అవ్వ, అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. నాకు వచ్చిన రష్యన్ మాటలు పది కూడా లేవు, ఆమెకు మరొక భాష రాదు. రెండో రోజు నేను మధ్యాహ్నం వేళ దాటినా ఏమీ తినకుండా కూర్చోవడం చూసి, నా చేతి గడియారాన్ని వేలితో తట్టి చూపించి, తల అడ్డంగా ఊపి, గడియారం మరను తానే తిప్పి ముల్లును ముందుకు జరిపింది. తరువాత బల్ల మీద గుడ్డ పరచి, ఉడికించిన బంగాళాదుంపలు, గుడ్లు, ఊరబెట్టిన చిన్న దోసకాయలు పెట్టింది. నా సంచిలో ఇంటినుంచి తెచ్చుకున్న కందిపొడి ఉంది. ఆమె దుంపను అందులో అద్దుకొని తిని, మళ్ళీ చేయి చాపింది. ఆ రోజునుంచి అదే మా పద్ధతి అయింది. రైలు ఒక వేళను దాటి మరొక వేళలోకి ప్రవేశించిన ప్రతిసారీ ఆమె నా గడియారం తట్టేది, నేను ముల్లు జరిపేవాడిని, ఇద్దరమూ కలిసి తినేవాళ్ళం. రైలు ఏ సమయం ప్రకారం నడిచినా, మనిషి మాత్రం కిటికీ బయటి సూర్యుణ్ణి చూసి తినాలి, సూర్యుణ్ణి చూసి పడుకోవాలి అన్నది ఆమె నియమం. నాకు అంతకంటె మంచి ఉపదేశం ఆ ప్రయాణంలో మరెవరూ చేయలేదు.

ఇక్కడ తెలుగు ప్రయాణికులకు ప్రత్యేకంగా తోచే ముచ్చట ఒకటి ఉంది. మాస్కోనుంచి ఫోను చేసినప్పుడు మా అమ్మ నాకంటె రెండున్నర గంటలు ముందు ఉండేది. యెకతెరిన్‌బుర్గ్ వచ్చేసరికి ఆ తేడా అరగంటకు తగ్గింది. త్యుమేన్ దాటి ఓమ్‌స్క్ చేరేసరికి నేను అమ్మకంటె అరగంట ముందు ఉన్నాను. ఆ రెండు ఊళ్ళ నడుమ, కనుచూపు మేర గడ్డి నేలలు పరుచుకున్న చోట, నాకు తెలియకుండానే మన ఇంటి వేళను దాటిపోయాను. ఇర్కుత్‌స్క్‌నుంచి మాట్లాడినప్పుడు అమ్మ నాకంటె రెండున్నర గంటలు వెనుక ఉంది. ఇంటికి దూరమైన కొద్దీ దిగులు పెరుగుతుందని అంటారు. నాకు మాత్రం, ఈ దూరాన్ని గంట గంటగా లెక్కపెట్టుకుంటూ వచ్చినందువల్ల, ఇల్లు ఎక్కడ ఉందో ఎల్లప్పుడూ స్పష్టంగా తెలుస్తూనే ఉండేది.

బైకాల్ సరస్సు తీరానికి చేరింది తెల్లవారుజామున. స్ల్యుద్యాంకా స్టేషన్‌లో రైలు ఆగితే నేనూ బాబుష్కా కిందికి దిగాము. తూర్పున సూర్యుడు పైకి వచ్చేశాడు, నీళ్ళు వెలుగుతున్నాయి, ఆడవాళ్ళు పొగబెట్టిన చేపలు అమ్ముతున్నారు. స్టేషన్ గడియారంలో అర్ధరాత్రి దాటి ఎంతోసేపు కాలేదు. ప్రపంచంలోకెల్లా లోతైన ఆ సరస్సు పక్కన, 1,642 మీటర్ల నీటి అంచున, చేప చేతిలో పట్టుకొని, గడియారంలో అర్ధరాత్రినీ ఆకాశంలో ఉదయాన్నీ ఒకేసారి చూశాను.

వ్లాదివొస్తోక్‌లో దిగిన నాడు నాకు నిద్రమత్తు లేదు, తలబరువు లేదు, ఆకలి వేళకు వేసింది. దీనికి కారణం తరువాత తెలుసుకున్నాను. మన శరీరంలోని వేళ రోజుకు దాదాపు ఒక గంట మాత్రమే సర్దుకోగలదట. ఆ రైలు ఏడు గంటల తేడాను సుమారు ఏడు రోజుల్లో దాటుతుంది, అంటే రోజుకు ఒక గంట. శరీరం నడవగలిగినంత వేగంతోనే ఆ రైలు నడిచిందన్నమాట. నేల మీద పోయే ప్రయాణం పట్ల నాకున్న ఇష్టానికి ఇంతకంటె బలమైన కారణం చెప్పలేను.

అక్కడినుంచి ఓడలో కొరియాకు, మరొక ఓడలో జపానుకు చేరి, టోక్యోనుంచి విమానంలో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళాను. సాయంత్రం టోక్యోలో ఎక్కి, అదే తేదీ ఉదయం అమెరికాలో దిగాను. తూర్పుగా భూమిని చుట్టేవారు దారి పొడవునా ఒక్కొక్క గంట చొప్పున వదులుకుంటూ పోతారు. నెలనెలా చీటీ కట్టినవాడికి పాట రోజున మొత్తం చేతికి వచ్చినట్టు, పసిఫిక్ నడుమ తేదీ మారే అంతర్జాతీయ దినరేఖ దగ్గర ఒక రోజు తిరిగి వస్తుంది. పడమరగా పోయేవారికి ఒక రోజు పోతుంది. పడమరగా భూమిని చుట్టిన మెజెల్లాన్ నౌకాయాత్రలో మిగిలిన విక్టోరియా ఓడ 1522 జూలైలో కేప్ వర్డ్ దీవులు చేరినప్పుడు, రోజు తప్పకుండా దినచర్య రాసుకున్న నావికులు ఆనాడు బుధవారం అనుకుంటే, తీరంలోని వారికి గురువారం అయింది.

దినరేఖ దగ్గర తిరిగి దక్కిన ఆ రోజు నాకు ఉపయోగపడలేదు. మధ్యాహ్నానికల్లా కాళ్ళు తేలిపోయాయి, చదివిన వాక్యం మళ్ళీ చదవవలసి వచ్చింది. అందుచేత, ఒంటరిగా దూరదేశం వెళ్ళాలనుకునే యువతీయువకులకు ఈ ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. వీలైన చోటల్లా రైలులోనో ఓడలోనో పొండి. విమానంలో, ముఖ్యంగా తూర్పు దిశగా, ఐదారు గంటల తేడా దాటక తప్పనప్పుడు, పగటి వేళ దిగేటట్టు టికెట్టు తీసుకోండి. మొదటి రెండు రాత్రులకు పడక ముందుగానే కుదుర్చుకొని, ఆ చిరునామాను స్థానిక లిపిలో కాగితం మీద రాయించి దగ్గర ఉంచుకోండి. ఆ రెండు రోజులూ పెద్ద మొత్తంలో డబ్బు మార్చకండి, తరువాతి ఊరికి టికెట్టు కొనకండి, పాస్‌పోర్టును గదిలోని తాళం పెట్టెలోనుంచి తీయకండి. ఇద్దరు వెళితే ఒకరు తూగినా మరొకరు సంచిని కనిపెట్టుకుంటారు. ఒక్కరే వెళ్ళినప్పుడు ఆ కనిపెట్టుకోవడం మనలోని మెలకువే చేయాలి, ఆ మెలకువ మొదటి రెండు రోజుల్లో మన దగ్గర ఉండదు. వెలుతురులో నడవండి, ఆ ఊరి వేళకు తినండి, ఎంత నిద్ర వచ్చినా చీకటి పడేవరకు ఆగి పడుకోండి. మన శరీరపు రోజు 24 గంటలకంటె కొద్దిగా ఎక్కువ నిడివి కలది కనుక, రోజును పొడిగించే పడమటి ప్రయాణాన్ని అది సులభంగా ఓర్చుకుంటుంది. ఆ దిశగా వెళ్ళేవారికి ఇన్ని జాగ్రత్తలూ రెండు రోజులకు బదులు ఒక రోజు పాటిస్తే సాధారణంగా సరిపోతుంది.

సెలవు, నమస్కారం.